కాటన్‌వుడ్ బెండ్ నీళ్ళు: మూడో పుస్తకం

ఏప్రిల్ 3, సోమవారం

నైట్రేట్ 6.1. క్లోరిన్ సరిపోయింది. ట్యాంకు మట్టం పద్దెనిమిది అడుగులు.

ఈ ఊరి నీళ్ళ ప్లాంటు ఆపరేటర్‌గా ఇదే వరుస ఎర్ర పుస్తకంలో ఒకసారి, నీలం పుస్తకంలో ఒకసారి రాసి, ఇక్కడ మూడోసారి రాస్తున్నాను. ఎర్రది తూర్పు కౌన్సిల్ చదువుతుంది, నీలంది పడమర కౌన్సిల్ చదువుతుంది. ఈ మూడోది తెలుగులో ఉంది కాబట్టి ఎవరూ చదవరు. చదివిపెట్టే యంత్రాలు లేక కాదు, అవి ప్రతివాళ్ళ జేబులోనూ ఉన్నాయి. తూర్పు ఇన్‌స్పెక్టరు దీన్ని చూసి వంటల పుస్తకమనుకున్నాడు. పడమర ఇన్‌స్పెక్టరమ్మ ఇది నా సంస్కృతి అనుకుని, ముట్టుకుంటే ఏం తప్పవుతుందోనని రెండడుగులు వెనక్కి వేసి, ఎందుకైనా మంచిదని క్షమాపణ కూడా చెప్పింది.

ఇవాళ సోమవారం కాబట్టి పాస్టర్ డెల్మర్ వచ్చాడు. తూర్పు గొట్టం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఆరు నిమిషాలు ప్రార్థన చేశాడు. మనిషి మంచివాడు. మోకాళ్ళ నొప్పులున్నా కుర్చీ వేస్తే కూర్చోడు. పోతూ పోతూ పక్కనే ఉన్న నీలం గొట్టం వైపు చూడకుండా ఉండడానికి మెడ అంతా తిప్పుకుని నడిచి, గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు. ఇది ప్రతివారం జరిగేదే.

ఏప్రిల్ 6, గురువారం

నైట్రేట్ 6.3.

గురువారాలు పడమర వాళ్ళవి. కమిటీ అధ్యక్షురాలు లిన్నియా హోల్ట్ వచ్చి నీలం గొట్టం ముందు నిలబడి ప్రకటన చదివింది. ఈ నీళ్ళు పూర్వం ఏయే ఆదివాసులవో, ఎవరి దగ్గర నుంచి లాక్కున్నవో, అందుకు తామంతా ఎంత బాధపడుతున్నారో అందులో ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు అది రెండు నిమిషాలు పట్టేది. ఇప్పుడు పంతొమ్మిది. ఏటా ఎవరో ఒకరి పేరు మిగిలిపోయిందని తేలుతుంది, అది కలుపుతారు, కలిపినవాళ్ళు ఆలస్యంగా కలిపినందుకు ఇంకో పేరా కలుపుతారు.

పాస్టరు దీవించిన నీళ్ళూ, లిన్నియా క్షమాపణ చెప్పుకున్న నీళ్ళూ ఒకటే. ఊరు విడాకులు తీసుకుని ఇరవై ఆరేళ్ళయింది. బళ్ళు రెండయ్యాయి, పోస్టాఫీసులు రెండయ్యాయి, ఆఖరికి గడియారాలు కూడా రెండయ్యాయి. పడమర వాళ్ళు ఎండాకాలానికి గంట ముందుకు తిప్పుతారు, తూర్పు వాళ్ళు తిప్పరు. బావి మాత్రం రెండు కాలేదు. తూర్పు బావి ఎండిపోయింది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండా పడమర బావీ ఎండిపోయింది. అప్పటి ఆపరేటరు ఎవరికీ చెప్పకుండా ఈ ప్లాంటు నడిబొడ్డున, సరిగ్గా సరిహద్దు గీత కింద, మూడో బావి తవ్వించి, రిటైరవుతూ ఆ గుట్టు నా చేతిలో పెట్టి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. ట్యాంకు మధ్యలో గోడ ఉన్నట్టు బయట సగం ఎరుపు, సగం నీలం రంగు వేయించాడు. లోపల గోడా లేదు, ఏమీ లేదు.

ఏప్రిల్ 9, ఆదివారం

నైట్రేట్ 6.9.

తారిణి ఫోన్ చేసింది. తారిణి నా కూతురు. ఇక్కడ పద్దెనిమిదేళ్ళు నిండగానే మెడలో బిళ్ళ రంగు ఎంచుకోవాలి. అది ఎరుపు ఎంచుకుంది. దేవుడి మీద ప్రేమతోనా, ట్రాక్టర్ నడిపే కోల్బీ మీద ప్రేమతోనా అని నేను అడగలేదు. కోల్బీ ఇప్పుడు నా అల్లుడు. నాది బూడిద రంగు బిళ్ళ. రెండు వైపులా పనిచేసేవాళ్ళకి అదే ఇస్తారు. ఒక వైపు చెప్పిన మాట రెండో వైపు కూడా చెప్పితీరాలి, లేదా రెండు వైపులా నోరు మూసుకోవాలి, అని ప్రమాణం చేయించుకుని మరీ ఇస్తారు. మా ఫోన్లన్నీ రికార్డవుతాయి.

"పాప నవ్వుతోందమ్మా," అంది. "నిజంగా నవ్వే. గ్యాస్ కాదు."

నయోమికి ఏడు వారాలు. డబ్బా పాలు తాగుతుంది. తూర్పులోకి నాకు అనుమతి తూర్పు గొట్టం లీకైనప్పుడే. నయోమి పుట్టిన దగ్గర నుంచి తారిణి వాళ్ళ వీధిలో గొట్టం ఐదుసార్లు లీకైంది. ఎందుకలా లీకవుతోందో ఈ పుస్తకంలో కూడా రాయను.

ఏప్రిల్ 17, సోమవారం

నైట్రేట్ 8.4.

వారం రోజులు వానలు. తూర్పున మొక్కజొన్న చేలకి ఎరువు చల్లిన నాలుగు రోజులకే మొదలయ్యాయి. పడమరన ఎరువు అనే మాట అనరు. అక్కడ పెరటి తోటలకి కోళ్ళ పెంట వేసి దాన్ని నేలకి పోషణ అంటారు. వాన రెంటినీ సమానంగా కడిగి నా బావిలో దింపింది.

ఈ నైట్రేట్ అంకె పది దాటితే పెద్దవాళ్ళకి ఏమీ కాదు. ఆరు నెలల్లోపు పసిపిల్లలకి మాత్రం రక్తంలో గాలి మోసే శక్తి పోతుంది. ఒళ్ళు నీలంగా మారిపోతుంది. శిక్షణలో ఇది నేర్చుకున్నప్పుడు పరీక్షలో రాసి మర్చిపోదామనుకున్నాను.

ఏప్రిల్ 24, సోమవారం

నైట్రేట్ 10.8.

పసిపిల్లలకి ఈ నీళ్ళు పొయ్యొద్దని నోటీసు అంటించాలంటే ఆ వైపు పెద్ద సంతకం కావాలి. ప్రార్థన అయ్యాక పాస్టర్‌కి అంకె చూపించాను.

"మా వాళ్ళకిది చెబితే రైతుల్ని తప్పు పట్టినట్టు అవుతుంది," అన్నాడు. "పడమర వాళ్ళది ఎంతుంది?"

"అదీ ఇంతే."

ఆయన వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "సిస్టర్, ఈ మాట మన మధ్యే ఉండాలి. వాళ్ళ బావి ఎండిపోయిందని నాకు పదకొండేళ్ళుగా తెలుసు. మన బావి నీళ్ళే వాళ్ళు తాగుతున్నారు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. గొంతెండిపోతున్నవాళ్ళకి నీళ్ళాపేస్తే రేపు పైన ఏమని జవాబు చెప్పుకుంటాను?"

"మంచి పనే కదండీ, చెప్పుకోవచ్చుగా."

"చెబితే చర్చిలోంచి నన్ను గెంటేస్తారు. ఇప్పుడు ఒకేరోజు రెండు వైపులా ఒకే అంకెతో నోటీసు పడితే గుట్టంతా బయటపడిపోదూ? ముందు వాళ్ళని పెట్టుకోమనండి."

మధ్యాహ్నం లిన్నియా దగ్గరికి వెళ్ళాను. ఆవిడ అంకె చూసి, దీని మీద అందరి అభిప్రాయాలూ వచ్చేలా ఒక ఉపసంఘం వేద్దామంది. పసిపిల్లల సంగతి గుర్తు చేశాను. ఆవిడ కూడా లేచి తలుపు వేసింది.

"వనజా, మీ మీద నమ్మకంతో చెబుతున్నాను. తూర్పు బావిలో చుక్క లేదు. ఎన్నో ఏళ్ళుగా మన నీళ్ళే వాళ్ళకి వెళ్తున్నాయి. నీళ్ళు అందరి హక్కు అని మా గోడ మీద మేమే రాసుకున్నాం. ఆ అందరిలో వాళ్ళు కూడా ఉన్నారని తెలిస్తే మా సభ్యులు సగంమంది రాజీనామా చేస్తారు. కొన్నాళ్ళు ఆగుదాం. జనాన్ని నీళ్ళు కాచుకోమని చెబుదాంలెండి, దేనికైనా మంచిది."

"కాస్తే ఇంకా ప్రమాదమండీ. నీరు ఆవిరై పోతుంది, నైట్రేట్ పోదు. చిక్కబడుతుంది."

"అయితే అసలేమీ చెప్పొద్దు," అంది.

ఇంటికొచ్చి కడుపుబ్బా నవ్వుకున్నాను. ఈ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఇద్దరు పెద్దమనుషులు పక్కవాళ్ళకి రహస్యంగా నీళ్ళు దానం చేస్తున్నామనుకుంటున్నారు. ఆ మంచితనాన్ని దొంగసారాలాగా దాచుకుంటున్నారు. ఇద్దరి బావుల్లోనూ కప్పలు కూడా లేవు. అయినా నాకు వాళ్ళిద్దరి మీదా మొదటిసారి ప్రేమ కలిగింది.

సంతకం లేకుండా నోటీసు నేనే అంటించి ఉండాల్సింది. అంటిస్తే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే గొట్టాలు లీకవడం ఆగిపోతుంది, నయోమిని చూడ్డం ఆగిపోతుంది. అందుకని అంటించలేదు. ఇంతకంటే మంచి కారణమేమీ లేదు.

ఏప్రిల్ 30, ఆదివారం

నైట్రేట్ 12.2.

తారిణి ఫోన్. రికార్డు యంత్రం ఎర్ర దీపం వెలుగుతోంది. ఒక వైపు చెప్పిన మాట రెండో వైపు చెప్పాలి. నేను రెండు వైపులా చెప్పలేదు. కాబట్టి చెప్పకుండానే చెబుదామని తెలివిగా ఆలోచించాను.

"వానలకి కుళాయి నీళ్ళు కొంచెం తేడాగా ఉంటాయే. పాపకి పాలు కలిపేటప్పుడు కాస్త జాగ్రత్త," అన్నాను.

"తేడా అంటే?"

"తేడా అంటే తేడా. సీసా నీళ్ళు దొరికితే తెచ్చుకో."

"సీసా నీళ్ళు పడమర ఫ్యాక్టరీవమ్మా, మా కొట్లో అమ్మరు. నువ్వు కంగారు పడకు, నేను చూసుకుంటాగా."

ఆ "చూసుకుంటాగా" విని నిశ్చింతగా అన్నం తిన్నాను.

మే 8, సోమవారం

నైట్రేట్ 13.6.

తూర్పు గడియారంలో తొమ్మిది, పడమర గడియారంలో పది. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడు. తూర్పు తలుపు ఎవరో దబదబా బాదారు. తీస్తే తారిణి. చంకలో నయోమి.

"అమ్మా, పాపని చూడు! పొద్దున్నుంచి పాలు తాగట్లేదు. ఏడవట్లేదు కూడా."

పాప పెదాలూ గోళ్ళూ పలక రంగులో ఉన్నాయి. ఊపిరి గబగబా తీస్తోంది.

"నీళ్ళు ఎలా పోస్తున్నావు?" అన్నాను.

"నువ్వు జాగ్రత్తన్నావుగా! ఇదివరకు ఐదు నిమిషాలు కాచేదాన్ని. నువ్వు చెప్పిన దగ్గర నుంచి అరగంట కాస్తున్నాను. రోజూ, ప్రతి సీసాకీ. నువ్వు చెప్పావనే."

నా సగం మాటని అది రోజూ అరగంట మరగబెట్టి పాపకి పోసింది. మామూలు నీళ్ళు పోసి ఉన్నా ఇంత కాకపోయేది. నా ప్రమాణం నేను నిలబెట్టుకున్నాను, అదీ దాని ఖరీదు. ఆ క్షణాన నా మీద నాకు కలిగిన అసహ్యం ఇక్కడ రాసి పెడుతున్నాను, రేపెప్పుడైనా మెత్తబడి ఇంకోలా గుర్తు తెచ్చుకోకుండా.

తూర్పు క్లినిక్ డాక్టరు జబ్బు వెంటనే గుర్తుపట్టాడట. దానికి మందు ఉంది, సూదిలో ఎక్కిస్తే అరగంటలో పని చేస్తుంది. ఆ మందు నీలం రంగు. పన్నెండేళ్ళ కిందట తూర్పు కౌన్సిల్ క్లినిక్‌లో నీలం వస్తువులేవీ ఉండకూడదని తీర్మానించినప్పుడు, తెరలతోనూ చేతి తొడుగులతోనూ పాటు అదీ వెళ్ళిపోయింది. నగరంలో ఆసుపత్రికి రెండు గంటల ప్రయాణం. డాక్టరు తారిణి చెవిలో ఒక్కటే చెప్పాడట: "మీ అమ్మ దగ్గరికి పరిగెత్తు. అవతలికి తలుపు ఉన్నది ఆ ఒక్క చోటే."

పడమర క్లినిక్‌లో నర్సు ఇమానీకి ఫోన్ చేశాను. సంగతి చెప్పాను.

"బిళ్ళ రంగు?" అంది. అడగడం వాళ్ళ నిబంధన.

"ఎరుపు."

ఏదో సొరుగు లాగిన చప్పుడైంది. తర్వాత, "బరువెంత?" అంది.

"నాలుగున్నర కిలోలు."

"ఆరు నిమిషాల్లో వస్తున్నా. బల్ల తుడిచి పెట్టండి. పాపని వెచ్చగా ఉంచండి."

ఐదు నిమిషాల్లోనే వచ్చింది. పరీక్ష గొట్టాలు పక్కకి తోసి పాపని బల్ల మీద పడుకోబెట్టాం. ఇమానీ మందు సీసా తీసింది. కొత్త జీన్స్ ఉతికిన నీళ్ళలాంటి నీలం. పాస్టరు దాన్ని చూశాడు. తారిణి పాస్టర్‌ని చూసింది. ఆయన అనుమతి కోసం చూసిందో, ఆయన ఆపితే ఏం చెయ్యాలా అని చూసిందో నాకు తెలియదు.

"కాలు కదలకుండా ఎవరైనా పట్టుకోండి. నరం చాలా సన్నగా ఉంది," అంది ఇమానీ.

నా చేతులు పాప తల దగ్గర ఉన్నాయి. తారిణివి పాప చేతుల మీద ఉన్నాయి. పాస్టర్ డెల్మర్ ముందుకొచ్చి, ఆ నొప్పుల మోకాళ్ళ మీద సిమెంటు నేల మీదే కూర్చుని, పాప కాలు రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నేను ప్రార్థనలో ఉన్నాను. ఏమీ చూడట్లేదు," అన్నాడు. "కానివ్వండమ్మా."

ఇరవై నిమిషాలు గడిచాయి. నేను గడియారం చూడలేదు, పాప గోళ్ళే చూశాను. ముందు గోళ్ళు, తర్వాత పెదాలు, తర్వాత చెవులు గులాబీ రంగులోకి తిరిగాయి. తర్వాత పాప ఏడ్చింది. తారిణి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పాస్టరు కళ్ళు మూసుకునే తడుముకుంటూ రుమాలు వెతుక్కున్నాడు.

తారిణి ఇమానీ చేతులు పట్టుకుంది. "మీ రుణం ఎలా తీర్చుకోను?"

"నేనసలు ఇక్కడికి రాలేదు," అంది ఇమానీ. "రెండు రోజులు డైపర్ నీలంగా, పచ్చగా అవుతుంది. భయపడకు."

"దానికి భయం లేదు. రేపు మంగళవారం, మా వీధిలో చెత్తబుట్టల తనిఖీ, దానికే భయం," అంది తారిణి. అందరం నవ్వాం, కళ్ళు మూసుకున్నాయన కూడా.

మధ్యాహ్నం వరద సైరన్ మోగించాను. దాని స్పీకర్లు రెండు వైపులా ఉన్నాయి. రెండు వైపులా వినబడేలా మాట్లాడ్డం నాకు ఉద్యోగంలో ఇదే మొదటిసారి. "బావి ఒకటే. ట్యాంకు ఒకటే. అందరూ తాగుతున్నది ఒకే నీళ్ళు. అంకె పదమూడున్నర దాటింది. పసిపిల్లలకి పొయ్యకండి. కాచకండి, కాస్తే విషం చిక్కబడుతుంది. సీసా నీళ్ళు వాడండి." మూడుసార్లు చదివాను. ప్రమాణం ప్రకారమే చేశాను, రెండు వైపులా ఒకే మాట చెప్పాను.

మే 15, సోమవారం

నైట్రేట్ 13.1.

పసిపిల్లల సంగతి గురించి గొడవ పడతారనుకున్నాను. తూర్పులో తారిణి పాప కాక ఎనిమిది మంది, పడమరలో పదకొండు మంది పసివాళ్ళున్నారు. వాళ్ళ తల్లులు ఆ రోజే కుళాయిలు కట్టేశారు. మిగతా ఊరు వేరే విషయం మీద మండిపడింది. ప్రార్థన చేసిన నీళ్ళు ఇన్నేళ్ళుగా అవిశ్వాసులు తాగారని తూర్పు వాళ్ళకి కోపం. తమకి తెలియకుండా ప్రార్థన చేసిన నీళ్ళు తాగించారని పడమర వాళ్ళకి కోపం. పడమరలో ఇద్దరు తమ ఒంట్లో ప్రార్థన ఎంత మిగిలిందో పరీక్ష చేయించమని అర్జీ పెట్టారు. తూర్పులో ఒకాయన, పంతొమ్మిది నిమిషాల ప్రకటన విన్న నీళ్ళు తాగబట్టే తన కొడుకు కవిత్వం రాస్తున్నాడని సభలో చెప్పాడు.

సభల్లో పాస్టర్‌నీ లిన్నియానీ ఒకే ప్రశ్న అడిగారు. "అవతలి వాళ్ళకి నీళ్ళు వెళ్తున్నాయని మీకు తెలుసా?"

"తెలియదు. వాళ్ళు దొంగిలించారు," అన్నాడు పాస్టరు.

"తెలియదు. మాకు అన్యాయం జరిగింది," అంది లిన్నియా.

ఇద్దరూ తమ జీవితంలో చేసిన ఒక మంచి పనికి సాక్షి లేకుండా చేసుకున్నారు. సాక్షిని నేనున్నాను కానీ, నన్నెవరూ పిలవలేదు.

మే 29, సోమవారం

నైట్రేట్ 12.4. ఇది నా ఆఖరి అధికారిక అంకె.

రెండు కౌన్సిళ్ళూ కలిసి కూర్చున్నాయి. ప్లాంటులో ఎదురెదురుగా, మధ్యలో నా పరీక్షల బల్ల. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఒకే కాగితం మీద రెండు సంతకాలు పడ్డాయి. కాగితంలో ఉన్నది నన్ను తీసేసిన సంగతి. సంతకాలయ్యాక రెండు వైపుల వాళ్ళూ ఒకరికొకరు కలం అందించుకుని, "థాంక్యూ" కూడా అనుకున్నారు. అది చూసి ఒక నిమిషం నేనే చప్పట్లు కొట్టబోయాను.

నా బిళ్ళ మాత్రం తీసుకోలేదు. బూడిదది తీసుకోవాలంటే బదులుగా ఏదో ఒక రంగు ఇవ్వాలి. నన్ను మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని కాసేపు వాదించుకుని వదిలేశారు.

నా స్థానంలో ఇద్దర్ని వేశారు. ఒకే మీటర్‌ని ఒకరు ఎడమ నుంచీ, ఒకరు కుడి నుంచీ చదువుతారు.

జూన్ 5, సోమవారం

ప్లాంటు ఇల్లు ఖాళీ చేయించారు, సరిహద్దు గీత మీదున్న మెయిన్ స్ట్రీట్‌లో మూతపడ్డ లాండ్రీ పైన గది దొరికింది. కుళాయి ఉంది. పాత టెస్ట్ కిట్ నా దగ్గరే మిగిలిపోయింది.

పొద్దున్న రెండు కౌన్సిళ్ళూ అంకెలు ప్రకటించాయి. తూర్పు 9.9. పడమర 9.9. ఈ ఊళ్ళో ఇంత ఏకాభిప్రాయం నేనెప్పుడూ చూడలేదు. నా కుళాయిలో 12.1 వచ్చింది.

ఎనిమిదింటికి మొదటి ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, పేరు చెప్పలేదు, వెనకాల పసిపిల్ల ఏడుపు. "ఇవాళ ఎంతండీ?" అంది. చెప్పాను. పెట్టేసింది. పదింటికల్లా పద్నాలుగు ఫోన్లు వచ్చాయి. ఏ వైపు వాళ్ళో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఒకాయన గొంతు పాస్టర్ డెల్మర్‌దే. ఆయన కూడా పేరు చెప్పలేదు. తూర్పు క్లినిక్ వెనక తలుపు దగ్గర సీసా నీళ్ళ పెట్టెలు ఎవరో దింపిపోతున్నారనీ, ఇంకెన్నాళ్ళు దింపాల్సి వస్తుందో తెలిస్తే దింపేవాళ్ళకి కబురు పెడతాననీ అన్నాడు.

"పడమర సీసాలేనా?" అన్నాను.

"లేబుళ్ళు చింపేశాంలెండి," అన్నాడు.

ఆఖర్న తారిణి చేసింది. ఫోన్లు రికార్డవుతున్నాయని దానికి తెలుసు. గొంతు తగ్గించలేదు.

"అమ్మా, ఇవాళ అంకె ఎంత?"

"మీ కౌన్సిల్ తొమ్మిది పాయింట్ తొమ్మిదని చెప్పింది కదే."

"వాళ్ళని అడగట్లేదు. నిన్ను అడుగుతున్నా."

"పన్నెండు పాయింట్ ఒకటి. పాపకి పొయ్యకు. కాచొద్దు. ఈసారి పూర్తిగా చెబుతున్నాను, విన్నావా?"

"విన్నాను. రేపు మళ్ళీ చేస్తాను," అంది.

ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద టీ మాడిపోతున్నా లేవకుండా అక్కడే కూర్చున్నాను. పాప బతికింది. నా మాట మీద తారిణి నమ్మకం కూడా బతికింది, పాపని చావుదాకా తీసుకెళ్ళిన ఆ మాట మీదే. ఆ నమ్మకానికి నేను తగనని నాకు తెలుసు. అయినా రేపు పొద్దున్న ఏడింటికే కుళాయి విప్పి అంకె సిద్ధంగా పెట్టుకోవాలి.